దస్తావేజులో వేలిముద్ర.. ఖాతాలో నగదు మాయం

ఓటీపీ చెప్పకపోయినా పోతున్న సొమ్ము
పల్లె ఖాతాలపై సైబర్ నేరగాళ్ల కన్ను

పాసుపుస్తకంలో పద్దులు వేయించుకునేందుకు బ్యాంకుకు వెళ్లిన రోజునే చాలామంది గ్రామీణ ఖాతాదారులకు తమ సొమ్ము పోయిన సంగతి తెలుస్తోంది. వారు ఎవరికీ ఓటీపీ చెప్పి ఉండరు. ఏటీఎం కార్డు ఇల్లు దాటి ఉండదు. కొందరికి అసలు కార్డే ఉండదు. అయినా ఒక రోజు పది వేలు, మరునాడు మరో పది వేలు ఖాతా నుంచి వెళ్లిపోయి ఉంటాయి. పద్దు పక్కన ఏఈపీఎస్ అన్న అక్షరాలు తప్ప మరే ఆనవాలూ కనిపించదు.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక ఇప్పుడు మారుమూల పల్లెకూ చేరింది. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే వినిపిస్తోంది. బ్యాంకు గోడ మీదా అదే రాసి ఉంటోంది. అది మంచిదే. అయితే ఓటీపీతో పనిలేకుండానే ఖాతాలోకి చొరబడే దారులు ఉన్నాయని, వాటిలో ఒకదాని తాళంచెవి మన వేలి కొసనే ఉందని తెలిసినవారు తక్కువ. పట్టణవాసి కంటే ఈ దారిలో నష్టపోయేది ఎక్కువగా పల్లెవాసే. ఎందుకంటే ఆధార్, వేలిముద్రలతో నగదు తీసుకునే అవసరం అతనికే ఎక్కువ.

వేలు పెడితే నగదు

ఏఈపీఎస్ అంటే ఆధార్ ఆధారిత చెల్లింపుల విధానం. బ్యాంకు శాఖ లేని ఊళ్లలో ఉపాధి హామీ కూలి, ఉపకార వేతనం, పెట్టుబడి సాయం వంటివి గడప దగ్గరే అందాలన్న ఉద్దేశంతో దీనిని తీసుకొచ్చారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభలి గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు ఇచ్చిన నాటి నుంచి ఈ ఆలోచన ఉన్నదే. ఖాతాదారు తన ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు చెప్పి బ్యాంకు మిత్ర దగ్గర ఉన్న చిన్న యంత్రంపై వేలు పెడతాడు. ఆ ముద్ర ఆధార్ ప్రాధికార సంస్థ వద్ద ఉన్న ముద్రతో సరిపోలితే చాలు, బ్యాంకు నగదును విడుదల చేస్తుంది. ఒక్కో లావాదేవీకి పరిమితి 10,000 రూపాయలు. కార్డు వద్దు, పిన్ వద్దు, ఓటీపీ వద్దు. చదువు రాని వృద్ధురాలు సైతం ఎవరి సాయమూ లేకుండా తన డబ్బు తాను తీసుకోగలదు. ఈ విధానంలో ఉన్న ఉపకారం చిన్నది కాదు.

చిక్కంతా ఆ సులువులోనే ఉంది. సంకేతపదం బయటపడితే మార్చుకోవచ్చు. కార్డు పోతే పాతది రద్దు చేయించి కొత్తది తీసుకోవచ్చు. వేలిముద్ర బయటపడితే మరో వేలిముద్ర తెచ్చుకోలేం. పైగా మనం దానిని దాచుకున్నదీ లేదు. స్థలం కొన్నా, అమ్మినా, తనఖా పెట్టినా కాగితం మీద సిరా వేలిముద్ర వేస్తూనే వచ్చాం. ఆ కాగితాల్లోనే ఆధార్ ప్రతి కూడా జతచేస్తూ వచ్చాం. దొంగకు కావలసిన రెండూ ఒకే దస్తావేజులో దొరికాయి.

ధర్మారంలో మొదలు

దీనిని ముందుగా కళ్లకు కట్టినది తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారం ఉదంతం. 2018 జూన్‌లో అక్కడి సిమ్‌కార్డుల వ్యాపారి ఒకరిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు సేకరించి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో వేల సంఖ్యలో సిమ్‌కార్డులను చేతనం చేశాడన్నది అభియోగం. అమ్మకాల లక్ష్యం చేరుకోవడం కోసమే ఇదంతా చేశాడని అప్పట్లో వెల్లడైంది. బ్యాంకు ఖాతాల జోలికి అతడు పోలేదు. కానీ సిమ్ ఇచ్చే యంత్రం నమ్మిన నకిలీ వేలిని నగదు ఇచ్చే యంత్రం మాత్రం ఎందుకు నమ్మదు? ఆ ప్రశ్న అప్పుడే గట్టిగా వేసుకోవలసింది.

నాలుగేళ్లకు జవాబు వచ్చింది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటిలోని వేలిముద్రలకు నకిలీలు చేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాల్లోని నగదు కాజేసినట్టు తేలింది. పొలం రిజిస్ట్రేషన్ నాడు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో వేసిన ముద్ర ఏళ్ల తర్వాత ఎక్కడో తెలియని చోట యంత్రంపై వాలిందన్నమాట.

2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ కొత్త పరిజ్ఞానాన్ని అమల్లోకి తెచ్చింది. వేలి గీతలతోపాటు వేలి చిత్రాన్ని కూడా పరిశీలించి, యంత్రంపై ఉన్నది సజీవమైన వేలా, నకిలీ తొడుగా అన్నది తేల్చడం దీని పని. నకిలీ ముద్రలతో మోసం చేయడం మునుపటికంటే కష్టమైందనే చెప్పాలి. కానీ నిజమైన వేలితోనే జరిగే మోసాన్ని ఏ పరిజ్ఞానమూ పట్టలేదు.

'పడలేదు.. మళ్లీ పెట్టమ్మా'

ఇది అందరికీ అనుభవంలో ఉన్న మాటే. పొలం పనులతో అరిగిన వేళ్లు యంత్రంపై ఒక పట్టాన పడవు. రెండుసార్లు, మూడుసార్లు పెట్టడం మామూలు విషయం. నిజాయతీపరుడైన బ్యాంకు మిత్ర అన్నా ఇదే మాట అంటాడు, మోసగాడన్నా ఇదే అంటాడు. తేడా రసీదులో తెలుస్తుంది. మొదటిసారి పెట్టిన వేలికే నగదు వచ్చేసి ఉంటే, సర్వరు పనిచేయలేదని చెప్పి రెండోసారి పెట్టించుకున్న వేలికి మరో మొత్తం వెళ్లిపోతుంది. ఖాతాలో ఎంత ఉందో చూడమని అడిగితే నగదు తీసేవారూ లేకపోలేదు. జార్ఖండ్‌లో 2020లో వెలుగుచూసిన విద్యార్థుల ఉపకార వేతనాల కుంభకోణంలోనూ దళారులు, బ్యాంకు ప్రతినిధులు కలిసి వేలిముద్రల సాయంతోనే సొమ్ము మళ్లించారు.

కాబట్టి యంత్రం తెరపై ఉన్న మొత్తాన్ని చూసిన తర్వాతే వేలు పెట్టాలి. చదవలేనివారు తోడుగా ఒకరిని తీసుకెళ్లాలి. లావాదేవీ విఫలమైందని చెబితే విఫలమైనట్టు రసీదు అడగాలి. విఫలమైన లావాదేవీకీ రసీదు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఖాతాకు ఫోన్ నంబరు జతచేయించుకోవడం. నగదు తీసిన మరుక్షణం సందేశం వస్తే, వచ్చిన సందేశాన్ని ఇంట్లో చదివేవారుంటే, రెండోసారి పోకుండా ఆపవచ్చు. చాలా ఖాతాలకు నంబరు జతపడి లేదు, లేదా ఎప్పుడో మానేసిన పాత నంబరు ఉంది.

ఈ నగదు కేంద్రాలపై నిఘా పెంచుతూ 2025 జూన్ 27న రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కేంద్రం నడిపేవారి వివరాలను బ్యాంకులు క్షుణ్నంగా పరిశీలించాలి. వరుసగా మూడు నెలలు లావాదేవీలు లేకుండా ఉన్న నిర్వాహకుడిని మళ్లీ పరిశీలించాకే అనుమతించాలి. అద్దె గదిలో నెల రోజులు యంత్రం పెట్టి మాయమయ్యేవారికి దీనివల్ల కొంత అడ్డుకట్ట పడవచ్చు.

వేలికీ తాళం ఉంది

వేలిముద్రను మార్చుకోలేకపోయినా తాళం వేసుకునే వీలుంది. ఆధార్ సంస్థకు చెందిన మై ఆధార్ పోర్టల్‌లోకి ఆధార్ సంఖ్య, ఫోన్‌కు వచ్చే ఓటీపీలతో ప్రవేశించి బయోమెట్రిక్ లాక్ ఎంచుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏవీ ధ్రువీకరణకు పనిచేయవు. నకిలీ వేలే కాదు, అసలు వేలు పెట్టినా 330 అన్న లోపం సంఖ్య చూపి యంత్రం తిరస్కరిస్తుంది. ఓటీపీ ద్వారా జరిగే ధ్రువీకరణ మాత్రం యథావిధిగా కొనసాగుతుంది. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. పది నిమిషాల తర్వాత దానంతటదే మళ్లీ మూతపడుతుంది. ఇందుకు రుసుము లేదు. సందేహాలుంటే 1947కు ఫోన్ చేయవచ్చు.

వినడానికి బాగుంది. ఆచరణలో ఒక ఇబ్బంది ఉంది. చౌకధరల దుకాణంలో బియ్యానికి వేలు పెట్టాలి. పింఛనుకు పెట్టాలి. తాళం వేసుకున్నవారు ప్రతిసారీ ఓటీపీతో తెరుచుకోవాలి. ఆధార్‌కు ఫోన్ నంబరు జతలేని వృద్ధులకు అది అసలే సాధ్యం కాదు. పట్టణంలో కార్డులతో, ఫోన్‌తో చెల్లింపులు చేసేవారికి ఈ తాళం హాయిగా సరిపోతుంది. రక్షణ ఎక్కువ అవసరమైన పల్లె పేదకే అది భారమవుతోంది. ఈ విధానాన్ని రూపొందించినవారు నెలనెలా బియ్యం తెచ్చుకునే మనిషిని దృష్టిలో పెట్టుకున్నట్టు తోచదు.

అలాంటివారికి మధ్యేమార్గం లేకపోలేదు. తన ఖాతాలో ఆధార్ ద్వారా నగదు తీసే సౌకర్యం అక్కర్లేదని బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా కోరవచ్చు. అప్పుడు రేషన్‌కు, పింఛనుకు వేలు పనిచేస్తుంది, ఆ ఖాతాలో సొమ్ము మాత్రం కదలదు. పంట అమ్మిన డబ్బు, ఆడపిల్ల పెళ్లికి కూడబెట్టిన డబ్బు పొదుపు ఖాతాలో అలాగే వదిలేయకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మార్చుకోవడం మరో జాగ్రత్త. ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో గత ఆరు నెలల చరిత్రను కూడా మై ఆధార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తాను వెళ్లని చోట, తనకు తెలియని వేళ వేలిముద్ర వాడినట్టు కనిపిస్తే వెంటనే అప్రమత్తం కావాలి.

జిరాక్స్ ప్రతుల మాటేమిటని చాలామంది అడుగుతారు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఆధార్ ప్రతులను ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని ప్రకటన జారీ చేసింది. ప్రజలు అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం రెండు రోజులకే దానిని ఉపసంహరించింది. ప్రకటన పోయినా అందులోని జాగ్రత్త మంచిదే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థే అందిస్తోంది. లాడ్జిలో గదికి, కొరియర్ పార్శిల్‌కు అది చాలు. తప్పనిసరై పూర్తి ప్రతి ఇవ్వవలసి వస్తే, ఏ పనికి ఇస్తున్నదీ, ఏ తేదీన ఇస్తున్నదీ దాని మీద అడ్డంగా రాసి ఇవ్వడం పాత కాలపు పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది.

ఫోన్లోకి వచ్చే దొంగ

ఓటీపీ చెప్పనక్కర్లేని రెండో దారి ఫోన్. ట్రాఫిక్ చలానా చెల్లించలేదంటూ, పీఎం కిసాన్ సొమ్ము ఆగిందంటూ వాట్సప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది చలానా కాగితం కాదు, ఫోన్‌లో ప్రతిష్ఠించుకునే యాప్. తెలిసినవారి నంబరు నుంచే రావడం ఇందులో మాయ. వారి ఫోన్ అప్పటికే నేరగాళ్ల చేతికి చిక్కి, అందులోని నంబర్లన్నిటికీ ఆ ఫైలును తానే పంపుతూ ఉంటుంది. ఊరి గ్రూపులో ఒకరు నొక్కితే సాయంత్రానికి పది మందికి చేరుతుంది.

నొక్కగానే సందేశాలు చదవడానికి అనుమతి అడుగుతుంది. సరేనంటే ఇక ఫోన్‌కు వచ్చే ఓటీపీలన్నీ యజమాని చూడకముందే నేరగాడికి చేరతాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదే అని బాధితుడు వాపోతాడు. నిజమే, అతడు చెప్పలేదు. ఫోనే చెప్పింది.

ఏ ప్రభుత్వ శాఖ అయినా, ఏ బ్యాంకు అయినా వాట్సప్‌లో ఏపీకే ఫైలు పంపదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచితే చాలా నష్టం తప్పుతుంది. పొరపాటున నొక్కినవారు ముందుగా మొబైల్ డేటా, వైఫై ఆపివేయాలి. వేరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను నిలుపుదల చేయించాలి. ఆ తర్వాతే ఫోన్ సంగతి చూడాలి. యాప్‌ను తొలగించినా నమ్మకం కుదరకపోతే, ఫొటోలు, నంబర్లు మరోచోట భద్రపరచుకుని ఫోన్‌ను కొన్ననాటి స్థితికి రీసెట్ చేయించడమే మేలు. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు బ్యాంక్.ఇన్ అన్న ముగింపుతో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఇందుకు 2025 అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ ముగింపు లేని చిరునామాలో ఖాతా వివరాలు నింపరాదు.

పాత సిమ్ విషయంలోనూ అజాగ్రత్త ఎక్కువ. ఆఫర్ల కోసం నంబర్లు మార్చడం అలవాటైపోయింది. వాడకుండా వదిలేసిన నంబరు రద్దయ్యాక 90 రోజుల గడువు దాటితే టెలికాం సంస్థ దానిని మరొకరికి ఇవ్వవచ్చు. ఆ నంబరు ఇంకా బ్యాంకులో ఉంటే, మన ఓటీపీ ఎవరో తెలియని మనిషికి చేరుతుంది. సిమ్ మానేయడానికి ముందే బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాస్ ఏజెన్సీలో కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి. ఇక మన పేరిట మనకు తెలియకుండా ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మనవి కాని నంబర్లను అక్కడే ఫిర్యాదు చేసి తొలగించమని కోరవచ్చు. ధర్మారం ఉదంతం తెలిసినవారికి ఇది ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కెమెరా కన్ను ఎవరి వైపు?

చేపల చెరువుల గట్లపై, కోళ్ల ఫారాల్లో, కిరాణా దుకాణాల్లో ఇంటర్నెట్ కెమెరాలు వెలిశాయి. బిగించిన మనిషి పెట్టిన సంకేతపదమే ఏళ్ల తరబడి ఉంటోంది. చాలావాటికి తయారీదారు ఇచ్చినదే ఉంటుంది. 2016లో మిరాయ్ అన్న హానికర ప్రోగ్రాం ఇలా సంకేతపదం మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లెన్నో గంటల తరబడి అందకుండా పోయాయి. అంత దూరం ఎందుకు, గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోని మహిళల దృశ్యాలు 2025 ఫిబ్రవరిలో బయటపడి దేశమంతా గగ్గోలైంది. అక్కడా బలహీనమైన సంకేతపదమే దారి ఇచ్చింది. కెమెరా బిగించిన రోజునే కొత్త సంకేతపదం పెట్టించుకోవాలి, అది బిగించిన మనిషికి తెలియకూడదు. పడకగది వైపు కెమెరా అసలు వద్దు.

పోయిన తర్వాత తొలి గంట

ఎంత జాగ్రత్తపడినా మోసం జరగవచ్చు. అప్పుడు సిగ్గుపడి దాచుకోవడం వల్ల నేరగాడికే లాభం. కాజేసిన సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు గంటల్లో మారుతూ చివరకు నగదుగా బయటకు పోతుంది. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే స్తంభింపజేయాలి. అందుకే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. లేదా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఖాతా సంఖ్య, లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తం దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్లడం ఆ తర్వాత.

బ్యాంకులో మాటతో చెప్పి తిరిగి వచ్చేయడం చాలామంది చేస్తున్న పని. అది చాలదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలుపై బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఎందుకంటే మన హక్కు ఆ తేదీ మీదే ఆధారపడి ఉంది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మూడో పక్షం వల్ల సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారుపై ఎలాంటి భారం ఉండరాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే భారం పరిమితంగా ఉంటుంది. ఆ తర్వాత బ్యాంకు సొంత విధానాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోగా ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమచేయాలి. గ్రామీణ బ్యాంకులకూ ఇది వర్తిస్తుందని ఉత్తర్వులోనే పేర్కొన్నారు.

అందులో మరో వాక్యం ఉంది. దానిని ఖాతాదారులంతా గుర్తుంచుకోవాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించవలసిన బాధ్యత బ్యాంకుదే. 'మీ వేలిముద్రే పడింది, మేమేం చేయగలం' అన్న జవాబు కౌంటరు దగ్గర తరచూ వినిపిస్తుంది. ముద్ర పడినంత మాత్రాన వేలు పెట్టింది ఖాతాదారేనని తేలిపోదు. ఆ సమయానికి ఖాతాదారు ఎక్కడున్నాడు, నగదు ఇచ్చిన కేంద్రం ఏ ఊళ్లో ఉంది, దాని నిర్వాహకుడు ఎవరు అన్న వివరాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి. వాటిని రాతపూర్వకంగా అడగాలి. నగదు తీసిన కేంద్రం వేరే జిల్లాలోనో, వేరే రాష్ట్రంలోనో ఉండి, ఆ రోజు ఖాతాదారు ఉపాధి హామీ పనిలో హాజరు వేయించుకుని ఉంటే, అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ముప్పై రోజుల్లో బ్యాంకు స్పందించకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. న్యాయవాది అవసరం లేదు, రుసుము లేదు. బ్యాంకు ముద్ర వేయించుకున్న ఫిర్యాదు నకలు, పాసుపుస్తకంలోని ఆ పేజీ ప్రతి జతచేసి పంపాలి.